విరిగిన బొక్క, బిగించిన కట్టు, పాయా: అపోహలు - వాస్తవాలు

విరిగిన ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచడం వరకే కట్టు పని. అతికించే పని రక్తానిది.

అపోహ: వేళ్లు ఆడుతున్నాయిగా, బొక్క ఇరగలేదు.

వాస్తవం: వేళ్లను ఆడించే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. మణికట్టులో ఎముక విరిగినా వేళ్లు కదులుతాయి. బండి మీంచి జారి అరచేయి ఆనించి పడ్డారా? బొటనవేలిని పైకి లేపండి. దాని మొదట్లో పడే చిన్న గుంటలో నొక్కితే నొప్పి పుడితే మణికట్టులోని స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందేమోనని అనుమానించాలి. మొదటి ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు. అందుకే మేం డాక్టర్లం కట్టు వేసి 10-14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయిస్తాం. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచే వస్తుంది. వదిలేస్తే ముంజేతి వైపు ముక్క చచ్చిపోయే ప్రమాదం ఉంది.

అపోహ: కట్టు ఎంత బిగిస్తే అంత త్వరగా అతుకుతుంది.

వాస్తవం: మమ్మల్ని అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. దెబ్బ తగిలాక 2-3 రోజులు వాపు పెరుగుతుంది. వెదురు బద్దల కట్టయినా, సిమెంట్ పట్టీ అయినా బిగుతుగా ఉంటే ఆ వాపుకు చోటు ఉండదు, కండరానికి రక్తం అందదు. సుమారు 6 గంటలు దాటితే కండరం చచ్చిపోతుంది, మళ్లీ రాదు. మోచేయి విరిగిన కొందరు పిల్లలకు వేళ్లు కొంకర్లు పోయి అలాగే ఉండిపోయేది ఇందువల్లే. మందు వేసినా తగ్గని నొప్పి, ముడుచుకున్న వేలిని మెల్లగా చాపితే బిడ్డ కెవ్వుమనడం, తిమ్మిరి: ఇవీ గుర్తులు. నాడి కొట్టుకుంటోందని, వేళ్లు ఎర్రగానే ఉన్నాయని ఊరుకోవద్దు. చేతిని గుండె ఎత్తులో ఉంచి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అక్కడ పట్టీతో పాటు కింది దూదిని కూడా చర్మం కనిపించేదాకా కోస్తారు. రాత్రయింది, తెల్లారాక చూద్దాం అనుకోకండి.

అపోహ: రోజూ పాయా తాగితే బొక్క తొందరగా అతుకుతది.

వాస్తవం: ఇష్టమైతే తాగండి. కానీ ఎముకలోని క్యాల్షియం పులుసులోకి దిగేది చాలా తక్కువ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల రాగుల్లో 350 దాకా, పెద్ద గ్లాసు పాలలో 300 దాకా ఉంటుంది. సిగరెట్, బీడీ, అదుపులేని షుగర్ అతుకును ఆలస్యం చేస్తాయి.

అపోహ: విటమిన్ డి సాషే రోజుకొకటి వేసుకుంటే ఎముకలకు బలం.

వాస్తవం: 60,000 యూనిట్ల సాషే మామూలుగా వారానికొకటి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. రోజూ వేసుకుంటూ పోతే రక్తంలో క్యాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మందుల షాపులో కవరు మీద ‘వారానికి ఒకటి’ అని రాయించుకోండి.