ఒకే చెట్టుని ఫొటో తీయండి

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న మీరు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఒక్క సాయంత్రంలో అన్ని తీశారంటే దేని ముందూ కాసేపు ఆగలేదన్నమాట. వానలు పడుతున్నాయి కదా, ఇప్పుడు ఒక పని చేయండి. బావి దగ్గరో చెరువు ఒడ్డునో గిజిగాడి గూళ్లు వేలాడే తాటిచెట్టో, ఈతచెట్టో, తుమ్మచెట్టో ఒకటి చూసుకోండి. రోజూ అక్కడికే వెళ్లి, ఒకే చోట నిలబడి దాన్నే తీయండి.

పొద్దున్నే వెళ్తే మంచిది. ఎండ ఏటవాలుగా పడి గూటి అల్లిక పోగుపోగునా కనిపిస్తుంది. మిమ్మల్ని చూసి పక్షులు మొదట బెదురుతాయి. కదలకుండా కూర్చుంటే మళ్లీ పనిలో పడతాయి. తల మీద, రొమ్ము మీద పసుపుపచ్చ రంగు తేలిన మగపక్షి ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. అక్కడ పట్టుకుని ఒక్కసారిగా ఎగురుతుంది. ఆకు నిలువునా చీలి పొడవాటి పోగు దాని ముక్కున వేలాడుతూ వస్తుంది. ఆ క్షణం ఫొటోలో దొరకడం కష్టం. మొదట్లో అన్నీ తోకలే పడతాయి. గాటు పెట్టగానే వేలు సిద్ధంగా ఉంచుకోవాలని మెల్లగా మీకే తెలిసొస్తుంది. అంటే పక్షి తర్వాత ఏం చేయబోతోందో మీకు ముందే తెలుస్తోందన్నమాట! ఫొటోలు తీయడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే.

గూడు పూర్తవడానికి సుమారు 18 రోజులు పడుతుంది. సగం అల్లాక, అది హెల్మెట్‌లా ఉన్నప్పుడు, మగపక్షి దానికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుని ఆడపక్షుల్ని పిలుస్తుంది. ఆడపక్షి వచ్చి గూడంతా పరీక్షగా చూస్తుంది. నచ్చితేనే మగపక్షి కింది గొట్టం అల్లి పని ముగిస్తుంది. నచ్చని గూడు సగంలోనే ఉండిపోతుంది. ఫొటోల్ని తేదీల వారీగా పక్కపక్కన పెట్టి చూడండి, ఏది పెరిగిందో ఏది ఆగిందో తెలుస్తుంది. గుడ్లు పొదిగేది ఆడపక్షే. మగది ఈలోపు ఇంకో గూడు మొదలుపెడుతుంది.

సగం గూటిలో అతికించిన మట్టి కూడా కనిపిస్తుంది, జూమ్ చేయండి. రాత్రి వెలుగు కోసం ఆ మట్టిలో మిణుగురుల్ని గుచ్చుతుందని మా చిన్నప్పుడు పెద్దలు చెప్పేవారు. నాకైతే మట్టే కనిపించింది, మిణుగురు ఎప్పుడూ కనిపించలేదు. మీరు చూసిందేదో నాకు రాయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. అడ్డొచ్చిందని ఆకు విరవొద్దు, ఫ్లాష్ వేయొద్దు, బావి గట్టు ఎక్కొద్దు. తల్లి మేత పట్టుకుని గూట్లోకి వెళ్లకుండా చుట్టూ తిరుగుతుంటే మీరు మరీ దగ్గరికి వచ్చేశారని అర్థం. ఫొటో రాకపోయినా సరే, వెంటనే వెనక్కి జరగండి.

ప్రేమతో,
మీ తాతయ్య