పంచాయతీ దాకా వచ్చిన ఫైబర్ బడికి ఎందుకు చేరలేదు?

తెలంగాణలో ప్రభుత్వ టీచర్లకు 2025 ఆగస్టు 1 నుంచి ఫోన్‌లో ముఖ గుర్తింపు హాజరు మొదలైంది. అప్పటి నుంచి ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పాత తగవు మళ్లీ లేచింది. బడికి నెట్ ఎవరివ్వాలి, నెలనెలా బిల్లు ఎవరు కట్టాలి? హాజరు ప్రభుత్వానిది, ఫోనూ డేటా మాత్రం మావి అంటున్నారు టీచర్లు. ఫైబర్ ఊరి దాకా వేశాం, ఇక కనెక్షన్ తీసుకోవడమే మిగిలింది అన్నది అధికారుల జవాబు.

ఫైబర్ వేసిన మాట నిజం. ఎక్కడి దాకా వేశారన్నది తెలియాలంటే 2017, 2018 సంవత్సరాలు చూడాలి. పంచాయతీలకు ఫైబర్‌తో నెట్ ఇచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్ రెండో దశకు 2017 జులైలో కేంద్రం ఆమోదం తెలిపింది. ఆ పని మేమే చేసుకుంటామన్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం ఊరూరా ఎలాగూ కందకాలు తవ్వుతున్నారు, అందులోనే ఫైబర్ గొట్టం కూడా వేస్తే తవ్వకం ఖర్చు మిగులుతుందని లెక్క. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఈ పని చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టీ-ఫైబర్ పుట్టింది ఆ ఆలోచనలోంచే.

చిక్కు వచ్చింది చివరి గమ్యం దగ్గర. పథకంలో ఫైబర్ ఆగేది పంచాయతీ ఆఫీసు దగ్గర. ఆ పంచాయతీలైనా లెక్క వేసేటప్పుడు ఉన్నవే. 2018 ఆగస్టు 2న తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో ఒక్కసారిగా 4 వేలకు పైగా కొత్త పంచాయతీలు వచ్చి, మొత్తం 12,751కి చేరాయి. మా తండాలో మా రాజ్యం అని ఏళ్ల తరబడి అడిగిన లంబాడీలకు, ఆదివాసీలకు అది పెద్ద గెలుపు. అయితే ఫైబర్ దారి అంతకు ముందే గీసి ఉంది. తండాకు సర్పంచ్ వచ్చాడు, కార్యదర్శి వచ్చాడు, కేబుల్ మాత్రం పాత ఊరి దగ్గరే ఉండిపోయింది. నా దృష్టిలో ఈ రోజు నడుస్తున్న గొడవ మొత్తానికి మూలం ఇక్కడుంది.

ఫైబర్ చేరిన ఊళ్లోనూ పంచాయతీ ఆఫీసు నుంచి బడికి, దవాఖానాకు లాగే తీగ, లోపల రౌటర్, నెల బిల్లు, తెగితే మరమ్మతు ఎవరి పద్దులో రాయాలన్నది తేలలేదు. కార్యదర్శి వేరే పని మీద పోతే ఆఫీసుకు తాళం, కరెంటు పోతే లోపలున్న మిషన్లు బంద్. పైగా అప్పటి డిజైన్‌లో కేబుల్ ఒక ఊరి నుంచి మరో ఊరికి వరసగా పోతుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఒక్కచోట తెగితే ఆ తర్వాతి ఊళ్లన్నీ ఆగిపోతాయి. ఈ లోపాన్ని కేంద్రం కూడా ఒప్పుకున్నట్టే. 2023 ఆగస్టులో రూ.1.39 లక్షల కోట్లతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో ఒకచోట తెగినా రెండో వైపు నుంచి నెట్ అందేలా కేబుల్‌ను రింగులా తిప్పాలన్నారు, నిర్వహణ ఖర్చు కూడా కలిపారు.

డబ్బు లేక ఇదంతా జరిగిందనుకోవడానికి లేదు. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం ఇలాంటి పనులకే నిధిగా పోతోంది. అది మన రీఛార్జిల్లోంచి వెళ్లే సొమ్మే. ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చిన ఆ నిధిలో ఏళ్ల తరబడి ఖర్చు కాని డబ్బు పేరుకుపోయింది. మేడారం జాతర వస్తే తాడ్వాయి అడవిలో తాత్కాలిక టవర్లు లేస్తాయి, జాతర అయిపోగానే దించేస్తారు. అదే మండలంలో బడి ఏడాది పొడవునా నడుస్తుంది.

నెట్ కావాల్సిన మరో చోటు గ్రంథాలయం. గ్రంథాలయాల సంగతి వేరు, వాటికి సొంత ఆదాయమే ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలు చేసే స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో కట్టకపోవడం పాత రోగం. 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసిన హనుమకొండలో ఇవాళ గ్రూప్స్‌కు, టెట్‌కు చదివే పిల్లలు గ్రంథాలయంలో కూర్చుని సొంత ఫోన్ డేటాతో టెస్టులు రాసుకుంటున్నారు.

2025 ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి ఒక హామీ ఇచ్చారు. గ్రామీణ ప్రాంతాల్లోని అన్ని ప్రభుత్వ సెకండరీ స్కూళ్లకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామన్నారు. మంచి మాటే, కానీ ఎవరి పేరు లేదో చూడండి. ప్రాథమిక పాఠశాల లేదు, ముఖ హాజరు అక్కడా వేయాల్సిందే. ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రం లేదు, ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టర్‌ను రోగికి చూపించాల్సింది అక్కడి సిబ్బందే. గ్రంథాలయం ఊసే లేదు.

టీ-ఫైబర్‌కు భారత్‌నెట్ మూడో దశ కింద సాయం చేయాలని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024లో కేంద్ర టెలికాం మంత్రి సింధియాను అడిగారు. ఆ డబ్బు వచ్చినా పని 2018 తర్వాతి పంచాయతీల లెక్కతో, బడి గోడ దాకా తీగతో మొదలుపెట్టాలి. బిల్లుకు దారి రాష్ట్రం చేతిలోనే ఉంది. 2024 సెప్టెంబరు 5న ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత కరెంటు ప్రకటించి ఆ భారం తనమీద వేసుకుంది. నెట్ బిల్లుకూ అలాంటి ఉత్తర్వు ఇచ్చి, అందులో తండా బడిని, పల్లె దవాఖానాను, శాఖా గ్రంథాలయాన్ని పేరుపెట్టి చేర్చాలి.