రక్తంలో నార్మల్.. మొఖం మీద మంట!

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి మెడికల్ షాపులో మళ్లీ అదే పంచాయితీ. తెల్లగైతవని చెప్పి అమ్మిన స్టెరాయిడ్ క్రీము ఆర్నెల్లు రాసి ఆపేసరికి అమ్మాయి బుగ్గలు కందిపోయాయి. ఎండలోకి పోతే కారం పూసినట్టు మంట. తల్లి చేతిలో చివరిదాకా పిండి చుట్ట చుట్టిన ట్యూబు. షాపాయన చేతిలో ల్యాబు రిపోర్టు. పొద్దున తీసిన రక్తంలో కార్టిజాల్, అంటే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్, నార్మల్. "లోపల అంతా మంచిగనే ఉందమ్మా, ఇగ క్రీముదేం తప్పు?"

ఆయన మాటకు ఆధారం మనమంతా బడిలో చదివిన పాఠమే. ఒత్తిడి హార్మోను కార్టిజాల్‌ను చేసేది మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు, వాటిని అదిలించేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి.

అసలు మలుపు 2005లో వచ్చింది. జర్మనీలో చర్మ పరిశోధకుడు రాల్ఫ్ పౌస్ బృందం మనిషి తల మీది వెంట్రుకల కుదుళ్లను విడదీసి, ల్యాబులో పోషక ద్రవంలో బతికించింది. వాటికి అడ్రినల్ లేదు, పిట్యూటరీ లేదు, రక్తమే అందదు. మెదడు ఒత్తిడి కబురు పంపడానికి వాడే సీఆర్‌హెచ్‌ను తగిలిస్తే ఆ కుదుళ్లు సొంతంగా కార్టిజాల్ చేశాయి. అంతకన్నా ముఖ్యం ఇంకోటి. బయటి నుంచి హైడ్రోకార్టిజోన్, అంటే మందుగా వాడే కార్టిజాల్, పోస్తే తమ సీఆర్‌హెచ్‌ను తగ్గించుకున్నాయి. ఇంట్లోకి వండిన కూర వస్తుంటే పొయ్యి ఆర్పేసినట్టు.

ఇది ఉన్నట్టుండి తేలిందీ కాదు. రోగనిరోధక కణాలు పెరిగే థైమస్‌లో స్టెరాయిడ్లు తయారవుతాయని 1994లోనే ఎలుకల్లో చూశారు. ఆ పనికి కావలసిన ఎంజైముల జన్యువులు మనిషి చర్మంలో పనిచేస్తున్నాయని 1996లో అమెరికాలో ఆండ్రెజ్ స్లొమిన్‌స్కీ బృందం చూపింది. 2004లో ఎలుకల పేగు వంతు. కాలేయం, కొవ్వుల సంగతి కొంచెం వేరు. అవి ప్రధానంగా చేసేది కార్టిజాల్‌కు నిద్రపోతున్న రూపమైన కార్టిజోన్‌ను లేపి మళ్లీ కార్టిజాల్‌గా మార్చడం. 2011లో ఇంకో ముక్క తెలిసింది. అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మం కార్టిజాల్ తయారీ పెంచుతుందట. ఏప్రిల్‌లో బత్తాయి తోటల్లో పనిచేసేవాళ్ల చర్మానికి ఎంత పనో!

అందుకే షాపాయన మాటకన్నా చర్మం డాక్టర్ల మాటకు బలం ఎక్కువ. రక్తపరీక్ష అడ్రినల్ సంగతి చెబుతుంది, బుగ్గ సంగతి చెప్పదు. నెలల తరబడి పైనుంచి స్టెరాయిడ్ పోస్తే చర్మం తన పొయ్యి ఆర్పుకుంటుందని, క్రీము ఆపిన రోజు చేతిలో ఏమీ ఉండదని వాళ్ల అనుమానం. మంటంతా దీనివల్లే అని తేలలేదు. క్రీముతో బిగుసుకున్న రక్తనాళాలు ఒక్కసారిగా విచ్చుకోవడమూ ఉంది. రెంటిలో ఏదైనా 'నార్మల్' రిపోర్టులో కనబడదు.

2018 మార్చిలో కేంద్రం 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు. "చీటీ అడిగితే పక్క షాపుకు పోతరు" అంటాడు షాపాయన. అదీ నిజమే.

తల్లి ట్యూబు చుట్ట విప్పింది. స్టెరాయిడ్ మొమెటాసోన్, రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, విటమిన్ ఏ జాతి ట్రెటినాయిన్. మూడు పేర్లూ ఆ మడతలోనే ఉన్నాయి.