చయానోవ్: పాఠాల్లోకి వచ్చిన సగం, రాని సగం

వ్యవసాయ అర్థశాస్త్రం చదివినవారికి రష్యన్ ఆర్థికవేత్త అలెగ్జాండర్ చయానోవ్ (1888–1937) పేరు వినగానే గుర్తొచ్చేది కుటుంబ సేద్యమే. తినే నోళ్లు ఎన్ని, పనిచేసే చేతులు ఎన్ని అన్నదాన్ని బట్టి రైతు కుటుంబం తన శ్రమకు హద్దు నిర్ణయించుకుంటుందన్న ఆయన వాదనపై చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. కానీ ఆనాటి రష్యాలో ఆయన అంతకు తక్కువ కాకుండా సహకారోద్యమ ఆచార్యుడు కూడా. ఆ సగం పాఠాల్లోకి ఎందుకు రాలేదన్నది చరిత్రలో వెతకవలసిన విషయం.

రష్యాలో సహకార పరపతి సంఘాల కథ 1865లో కొస్త్రోమా ప్రాంతంలో మొదలైనా, 1904 నాటి చిన్న పరపతి చట్టం తర్వాతే అవి పల్లెల్లో విస్తరించాయి. 1908లో మాస్కోలో తొలి అఖిల రష్యా సహకార మహాసభ జరిగింది. అదే ఏడాది అక్కడ ప్రారంభమైన షన్యావ్‌స్కీ ప్రజా విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి పట్టాలు అడిగేవారు కారు. సంఘాల కార్యకర్తలకు అక్కడ చయానోవ్ చెప్పిన పాఠాలే తర్వాత సహకారంపై చిన్న పాఠ్యపుస్తకంగా వచ్చాయి. 1916లో ఆర్థికవేత్త తుగాన్-బరనోవ్‌స్కీ సహకారం సామాజిక పునాదులపై పెద్ద గ్రంథమే రాశారు. కార్మికుల ఉత్పత్తి సంఘాలు నిలదొక్కుకున్న కొద్దీ మామూలు వ్యాపార సంస్థలుగా మారిపోతాయన్నది ఆయన అనుమానం.

చయానోవ్ సహకారంపై 1919లో ప్రచురించి, 1927లో విస్తరించిన గ్రంథంలోని ప్రధాన భావన 'నిలువు సమీకరణ'. సేద్యంలోని ప్రతి పనికీ దానికి తగిన పరిమాణం వేరుగా ఉంటుందన్నది దాని సారం. ఆవును మేపడం, దూడను సాకడం కనిపెట్టుకుని చూసుకోవలసిన పనులు కాబట్టి ఇంటివారి చేతుల్లోనే బాగుంటాయి. వెన్న తీయడం, సరకు అమ్మడం, అప్పు తేవడం, యంత్రాలు కొనడం మాత్రం ఎక్కువమంది కలిస్తేనే గిట్టుబాటవుతాయి. అందుకని పొలాలు కలపనక్కర లేదు. కుటుంబం చేయలేని పనిని మాత్రం వేరుచేసి సంఘానికి అప్పగిస్తే చాలు. ఇది ఊహ మాత్రమే కాదు: సైబీరియా వెన్న సంఘాలు అప్పటికే విదేశాలకు ఎగుమతి చేస్తుండగా, దళారుల చేతుల్లో ఉన్న అవిసె నార వ్యాపారంలోకి దిగేందుకు 1915లో ఏర్పడిన రైతుల కేంద్ర సంఘంలో చయానోవ్ స్వయంగా పనిచేశారు.

సహకారంపై లెనిన్ 1923లో వెలువరించిన వ్యాసం ఈ అధ్యయనానికి కొంత ఊపిరినిచ్చింది. ఆ ఊపిరి ఎక్కువకాలం నిలవలేదు. 1929 డిసెంబరులో స్టాలిన్ చయానోవ్ సిద్ధాంతాన్ని బహిరంగంగా ఖండించారు. 1930లో, ఉనికే లేని 'శ్రామిక రైతు పార్టీ' పేరిట ఆయనను అరెస్టు చేశారు. 1937లో కజఖ్‌స్తాన్‌లోని ఆల్మా-అతాలో కాల్చిచంపారు. పొలాల్నే కలిపేసిన సమష్టి క్షేత్రాల రాజ్యంలో, పొలాలు కలపనక్కర లేదన్న పుస్తకానికి చోటెక్కడిది!

విదేశాల్లో ఆయనకు పునర్జన్మనిచ్చింది 1966 నాటి ఆంగ్ల సంపుటం. దాని సంపాదకుల్లో ఒకరైన డేనియల్ థార్నర్ అంతకుముందు బొంబాయిలో ఉండి భారత వ్యవసాయాన్ని అధ్యయనం చేసినవారు. అయితే ఆ సంపుటంలో ఉన్నది కుటుంబ సేద్యపు సిద్ధాంతం. సహకార గ్రంథం లేదు. మన దేశంలోని చర్చలు ఎక్కువగా కుటుంబ సేద్యపు సగం చుట్టూనే తిరగడానికి నా దృష్టిలో ప్రధాన కారణం ఇదే. సోవియట్ న్యాయస్థానం 1987లో ఆయనను నిర్దోషిగా ప్రకటించాక, 1991లో ఆ సహకార గ్రంథం మాస్కోలో పునర్ముద్రణ పొందింది; ఆంగ్లానువాదం కూడా ఆ ఏడాదే వచ్చింది. అప్పటికి ఆ పుస్తకం ఎవరిని ఉద్దేశించి రాసిందో, ఆ చిన్న రైతు కుటుంబాల సేద్యం రష్యాలో సమష్టీకరణతో కనుమరుగై అరవై ఏళ్లు దాటింది.