ఉప్పగా, కమ్మగా ఏదైనా తినాలనిపిస్తే అది జబ్బా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను ఒడిశాలోని బరంపురంలో డైటీషియన్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి కూడా వస్తుంటారు. షుగర్ గురించో బరువు గురించో మాట్లాడి, ఇక లేవబోతూ గొంతు తగ్గించి అడుగుతారు: "మేడం, తీపి మీద నాకంత యావ లేదు. కానీ ఎండు చేపల వేపుడో, చౌమిన్నో, వేడి వేడి సూపో, ఏదో ఒకటి నోటికి తగలకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. ఒంట్లో ఏమైనా తేడా ఉందా?" ఏమీ లేదండీ. ఆ కమ్మటి రుచినే ఉమామి అంటారు, దాని గురించి వాట్సాప్‌లో తిరిగే మాటలతోనే అసలు తలనొప్పి, కాబట్టి వాటి సంగతి ఒక్కచోట రాసేస్తున్నాను.

అపోహ: ఉమామి అంటే జపాన్ వాళ్ల వంట సంగతి, మనకేంటి సంబంధం.

పేరు వాళ్లది, నాలుక అందరిదీ. 1908లో టోక్యోలో కికునాయే ఇకెడా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ కొంబు అనే సముద్రపు నాచు కాచిన నీళ్లకి అంత కమ్మదనం ఎక్కణ్నుంచి వస్తోందా అని వెతికి, అది ప్రొటీన్లలో ఉండే గ్లుటామేట్ అనే అమైనో ఆమ్లం పని అని పట్టుకున్నాడు. ఇది విడిగా ఒక రుచి అంటే ప్రపంచం ఒప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది, 2000 తర్వాత నాలుక మీద దీన్ని గుర్తుపట్టే రిసెప్టర్లు దొరికాకే ఆ వాదన సద్దుమణిగింది. మన షడ్రుచుల్లో ఇది లేదు కదా అని ఒకాయన నాతో పట్టుబట్టి వాదించారు. నిజమే, లేదు. ఉన్నవాటిలో కారం మాత్రం శాస్త్రం లెక్కలో రుచే కాదు, మంట. ఆ గొడవ ఇప్పుడొద్దు.

గంజాం వైపు ఎండాకాలం మధ్యాహ్నం పఖాళ పెట్టుకుని కూర్చున్న ఏ ఇంటికైనా వెళ్లి చూడండి. పులిసిన చద్దన్నం, పక్కన బడి చూరా (నలిపిన వడియాలు), కాల్చిన సుఖువా (ఎండు చేప), ఉల్లిపాయ ముక్క. అన్నానిది చల్లటి పులుపు, అందులో వేరే ఆకర్షణేం లేదు. చెంబెడు అన్నాన్ని లోపలికి తోసేది ఆ కాల్చిన ఎండు చేప ముక్కే. గోపాలపురం తీరంలో మన బెస్తవాళ్లు ఇసకలో నెత్తళ్లు ఎండబెడుతున్నప్పుడు జరుగుతున్నది కూడా ఇకెడా వెతికిన రుచిని కూడబెట్టడమే, ఆ పేరు వాళ్లకి తెలియాల్సిన పని లేదు.

అపోహ: అదంతా ఉప్పు, వాసనల మహిమ. వేరే రుచంటూ ఏం లేదు.

దీనికి మీ ఇంట్లోనే పరీక్ష ఉంది. రెండు ఎండు రొయ్యలు తీసుకుని బాగా కడిగి, పొడి మూకుడులో వేయించండి. ముక్కు గట్టిగా మూసుకుని ఒకటి నములుతూ ఉండండి. రొయ్య వాసన అసలు తెలీదు, మొదట ఉప్పదనం తగులుతుంది. అది పోయాక కూడా నాలుకంతా పరుచుకుని ఒక నిండుదనం మిగులుతుంది, నోట్లో నీళ్లు ఊరుతూనే ఉంటాయి. అదే ఉమామి. ఇప్పుడు ముక్కు వదలండి, వాసన వచ్చి కలిసిందంటే రుచి అమాంతం పెరుగుతుంది. అంటే వాసన, ఉప్పు రెండూ ముఖ్యమే, ఉమామి వాటిని పైకి లేపుతుంది. ఒంటరిగా అది అంత గొప్పగా ఏం ఉండదు. నమ్మకపోతే గ్లాసుడు నీళ్లలో చిటికెడు అజినమోటో (గ్లుటామేట్‌తో చేసిన ఉప్పు, దీన్నే ఎంఎస్‌జీ అంటారు) కలిపి తాగి చూడండి, మొహం అదోలా పెడతారు.

నాలుక చివర తీపి, పక్కన పులుపు అని స్కూల్లో బొమ్మ గీయించేవారు కదా, అదీ తప్పే. అన్ని రుచులూ రుచి మొగ్గలున్న ప్రతిచోటా తెలుస్తాయి.

అపోహ: ఈ రుచి మాంసంలోనే ఉంటుంది, శాకాహారులకి దొరకదు.

ఇది నాకు ఇష్టమైన టాపిక్, కాస్త ఓపిక పట్టండి. గ్లుటామేట్ దాదాపు ప్రతి ప్రొటీన్‌లోనూ ఉంటుంది, కానీ దండలో పూసలా గుచ్చుకుని ఉన్నంతసేపు నాలుకకి తెలియదు. దండ తెగి పూస విడిపడాలి. అప్పుడే కోసిన మాంసంలో విడి గ్లుటామేట్ తక్కువే. ఎండబెట్టడం, పులియబెట్టడం, నిలవ ఉంచడం, సన్నటి సెగ మీద గంటల తరబడి కాచడం, ఇవే దండ తెంపే పనులు. పచ్చి చేపకంటే ఎండు చేప నాలుకని అంత గట్టిగా పట్టుకోవడానికి ఇదీ ఒక కారణం, నీరు పోయి అంతా చిక్కబడటం ఇంకో కారణం.

టమాటాలో ఇది పుట్టుకతోనే విడిగా ఉంటుంది, కాయలో తక్కువ, పండేకొద్దీ ఎక్కువ. అందులోనూ కండలో కన్నా గింజల చుట్టూ ఉండే జిగురులో ఎక్కువ. చారుకి కోసేటప్పుడు గింజలు పిండి పారేసేవాళ్లు రుచిలో సగం సింకులో పోస్తున్నట్టే. పచ్చి బఠాణీ, మొక్కజొన్న, పుట్టగొడుగులు, పాతబడిన చీజ్, సోయా సాస్, ఇవన్నీ ఈ కోవలోవే. అంతెందుకు, తల్లిపాలలో విడిగా ఉండే అమైనో ఆమ్లాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉండేది గ్లుటామేటే, ఆవుపాలలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు. మాంసం మొహం చూడని ఇంట్లో పుట్టిన బిడ్డకి కూడా ఈ రుచి మొదటి రోజు నుంచే పరిచయం అన్నమాట.

ఇంకో సంగతి. గ్లుటామేట్‌కి తోడు చేపలో, మాంసంలో ఉండే ఇనోసినేట్ గానీ, ఎండు పుట్టగొడుగుల్లో ఉండే గ్వానిలేట్ గానీ కలిస్తే రుచి ఒకటీ ఒకటీ రెండు అన్నట్టు పెరగదు, కొన్ని రెట్లు పెరుగుతుంది. ఇనోసినేట్‌ని 1913లో ఇకెడా శిష్యుడు కొడామా కనిపెట్టాడు. మన అమ్మమ్మలు ఎండు చేపల్లో టమాటా ఎందుకు వేసేవారో ఇప్పుడు అర్థమైందా? శాకాహారులకి ఆ పని ఎండు పుట్టగొడుగులు చేస్తాయి. వర్షాకాలం మన సంతల్లో ఛత్తు (పుట్టగొడుగులు) కుప్పలు పోసి అమ్ముతారు కదా, సాగు చేసినవి, తెలిసినవాళ్ల దగ్గర కొని ఎండబెట్టి దాచుకోండి. అడవిలో దొరికినవి మాత్రం గుర్తుపట్టడం రాకపోతే ముట్టుకోవద్దు, దీనికి ప్రాణాలు పోతుంటాయి. వండేటప్పుడు మరిగే నీళ్లలో పడేయకుండా చల్లటి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లతో సహా నెమ్మదిగా వేడెక్కించండి. గ్వానిలేట్ తయారయ్యేది ఆ మధ్య వేడిలోనే, బాగా మరిగిపోయాక కాదు.

అపోహ: కమ్మటివి తినాలని నాలుక పీకుతోందంటే ఒంట్లో ప్రొటీన్ తక్కువైనట్టే.

సగం నిజాన్ని పూర్తి నిజంగా అమ్మేస్తున్నారు, ముఖ్యంగా పౌడర్ డబ్బాలు అమ్మేవాళ్లు. తీపి పిండిపదార్థానికి గుర్తు, చేదు విషానికి గుర్తు, అలాగే ఉమామి "ఇక్కడ ప్రొటీన్ ఉంది" అనడానికి గుర్తు కావచ్చనేది శాస్త్రవేత్తలు చాలామంది చెప్పే మాట. కొన్నాళ్లు ప్రొటీన్ తక్కువగా పెడితే మనుషులు కమ్మటి తిండివైపు మొగ్గారని చూపించిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. అంతమాత్రాన యావని బట్టి రోగం తేల్చలేం. నా దగ్గరికి వచ్చేవాళ్లని రోజంతా ఏం తిన్నారో చెప్పమంటే కారణం మామూలుగానే బయటపడుతుంది. పొద్దున టీ, బిస్కెట్, మధ్యాహ్నం రెండింటికి గిన్నెడు అన్నం, నీళ్లలాంటి పప్పు, మళ్లీ రాత్రి పది దాకా ఏమీ లేదు. అప్పుడు గిరి మార్కెట్ వైపు నుంచి చౌమిన్ వాసన వస్తే ఎవరికి మాత్రం కాలు ఆగుతుంది! నిద్ర తక్కువైనా ఇంతే, నైట్ డ్యూటీ వాళ్లని అడగండి. అలవాటు సంగతి సరేసరి, రోజూ టీవీ ముందు మిక్చర్ తినేవాళ్లకి టీవీ పెడితే చాలు, నోరూరుతుంది.

ప్రొటీన్ పెంచడం మంచిదే, దానికి గుడ్డు, చిక్కటి పప్పు, పెరుగు, చేప చాలు. డబ్బా అక్కర్లేదు.

పట్టించుకోవాల్సిన యావలు వేరే ఉన్నాయి. మట్టి, పచ్చి బియ్యం, ఐసుముక్కలు తినాలనిపిస్తుంటే హీమోగ్లోబిన్, ఐరన్ చూపించుకోండి. ఉప్పునే ఉత్తగా నోట్లో వేసుకోవాలనిపిస్తూ, దానితోపాటు నీరసం, కళ్లు తిరగడం, బరువు తగ్గడం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆలస్యం చేయొద్దు.

అపోహ: అజినమోటో విషం.

ఈ గొడవ మొదలైంది ఒక ఉత్తరంతో. 1968లో అమెరికాలో ఒక డాక్టరు, చైనా హోటల్లో తింటే తనకి మెడ వెనక తిమ్మిరి, గుండెదడ వస్తున్నాయని ఒక వైద్య పత్రికకి రాశాడు. కారణం సోయా సాస్ కావచ్చు, వంటకి వాడే వైన్ కావచ్చు, ఎంఎస్‌జీ కావచ్చు, ఉప్పు కావచ్చు అని అనుమానాలు చెప్పాడంతే. జనం ఎంఎస్‌జీని పట్టుకున్నారు. ఆ తర్వాత, తమకి పడదని చెప్పిన మనుషులకే ఏది ఇస్తున్నారో చెప్పకుండా ఇచ్చి చూశారు. భోజనంతో కలిపి ఇచ్చినప్పుడు ఎంఎస్‌జీకీ ఆ లక్షణాలకీ స్థిరమైన సంబంధం కనబడలేదు. తిండి లేకుండా ఒకేసారి 3 గ్రాములో అంతకన్నా ఎక్కువో తీసుకుంటే కొందరికి కాసేపు తలనొప్పి, ఒళ్లు వేడెక్కడం లాంటివి రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ అంటుంది. ఎంఎస్‌జీ కలిపిన వంట ఒక ప్లేటులో మామూలుగా ఉండేది అర గ్రాము లోపే.

అలాగని బండివాళ్లని వెనకేసుకురావడం లేదు. 2017లో యూరప్ ఆహార భద్రతా సంస్థ కిలో బరువుకి రోజుకి 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది, అంటే 60 కిలోల మనిషికి 1.8 గ్రాములు. మూకుడులోకి చెంచాతో కాకుండా చేత్తో విసిరే బండి దగ్గర ఆ లెక్క ఎవరు చూస్తారు? మీకు నిజంగానే తిన్న ప్రతిసారీ తలనొప్పి వస్తుంటే మానేయండి, దానికి నా అనుమతి దేనికి. ఏడాది లోపు పిల్లలకి కూడా వద్దు, ఎంఎస్‌జీ కలిపిన ప్యాకెట్ల మీద ఆ హెచ్చరిక ఉండాలని మన నిబంధనల్లోనే ఉంది.

ఇక అది నాన్‌వెజ్ అనే భయం. ఈ రోజుల్లో దాన్ని చెరకు మొలాసిస్, కర్రపెండలం లాంటివాటిని బాక్టీరియాతో పులియబెట్టి తీస్తారు.

అపోహ: "నో యాడెడ్ ఎంఎస్‌జీ" అని ఉంటే గ్లుటామేట్ లేనట్టే.

వెనక చిన్న అక్షరాలు చదవండి. 621 అంటే ఎంఎస్‌జీ. 627, 631, 635 కనబడితే ఇందాక చెప్పిన గ్వానిలేట్, ఇనోసినేట్ బాపతు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రొటీన్ అని ఉంటే గ్లుటామేట్ అందులోనే వచ్చేస్తుంది. టమాటా పొడి ఉన్నా అంతే.

అపోహ: అజినమోటోతో బీపీ పెరుగుతుంది, ఎండు చేప సహజం కాబట్టి ఎంత తిన్నా ఫర్వాలేదు.

తలకిందులుగా ఉంది. ఉప్పులో సోడియం 39 శాతం, ఎంఎస్‌జీలో 12 శాతం. కొంచెం ఎంఎస్‌జీ వేసి ఉప్పు బాగా తగ్గిస్తే రుచి నిలబడి మొత్తం సోడియం తగ్గుతుంది. ఉప్పు తగ్గించకుండా దీన్నీ కలిపితే మాత్రం పెరుగుతుంది, మన చౌమిన్ బండి దగ్గర జరిగేది అదే. ఉప్పు వేసి ఎండబెట్టిన చేపలోనేమో ఉప్పు ఎక్కడికీ పోదు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌వో మాట. సుఖువా రెండు ముక్కలు, అప్పడం, ఆవకాయ కలిస్తే ఒక్క పూటలోనే ఆ లెక్క ఎక్కడికి పోతుందో మీరే చూసుకోండి. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లు మార్చి కడిగితే ఉప్పు కొంత దిగుతుంది. యూరిక్ యాసిడ్, గౌట్ ఉన్నవాళ్లు ఎండు రొయ్యలు, నెత్తళ్ల జోలికి వెళ్లకపోవడమే మేలు, వాటిలో యూరిక్ యాసిడ్‌ని పెంచే ప్యూరిన్లు ఎక్కువ.

అపోహ: ముసలివాళ్లకి చప్పిడి కూడే మంచిది.

వయసు పెరిగేకొద్దీ వాసన, రుచి రెండూ తగ్గుతాయి, దానికి తోడు మందులు. మనం ఆ పైన చప్పిడి కూడు పెట్టి "అత్తయ్యగారు ఏమీ తినడం లేదు మేడం" అంటాం. ఉప్పు తగ్గించమన్నారు సరే, రుచి తగ్గించమని ఎవరూ అనలేదు. బాగా పండిన టమాటాలు గింజలతో సహా మగ్గబెట్టి, నానబెట్టిన ఎండు పుట్టగొడుగులు ఆ నీళ్లతోనే పోసి, ఒక గుప్పెడు పెసరపప్పు వేసి మెత్తగా ఉడికించండి. జీలకర్ర, వెల్లుల్లి పోపు. ఉప్పు ఎప్పుడూ వేసేదాంట్లో సగం వేసి ముందు వాళ్లకే రుచి చూపించండి, మీ నాలుకతో లెక్క కట్టొద్దు. కిడ్నీ సమస్య ఉండి పొటాషియం తగ్గించమని ఉంటే మాత్రం ఇది చేసే ముందు మీ డాక్టర్‌ని అడగండి.