డబ్బు ఒకందుకు, పరిశోధన ఇంకొకందుకు

భూవిజ్ఞానంలో పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు మొదట ఆరా తీసేది ఫెలోషిప్ ఎవరిస్తారని. ఇది ఈనాటి బెంగ కాదు. ఈ చదువు పుట్టిందే ఎవరో ఒకరి అవసరం మీద.

1765లో సాక్సనీలోని ఫ్రైబెర్గ్‌లో గనుల అకాడమీ పెట్టారు. గనులకు చదువుకున్న మనుషులు కావలసొచ్చారు మరి. తర్వాత అక్కడ భూవిజ్ఞాని వెర్నర్ పాఠాలు వినడానికి ఎక్కడెక్కడి నుంచో విద్యార్థులు వచ్చారు, ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ వారిలో ఒకడు. ఆ తర్వాతి శతాబ్దంలో విశ్వవిద్యాలయాలు డాక్టరేట్లు ఇచ్చినా అందరినీ ఒకేలా చూడలేదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఫ్లోరెన్స్ బాస్కమ్ ఆడమనిషి కావడంతో తెర వెనక కూర్చుని పాఠాలు విని, 1893లో పట్టా అందుకుంది.

20వ శతాబ్దంలో చమురు వచ్చింది, తర్వాత ప్రచ్ఛన్న యుద్ధం. రహస్య అణుపరీక్షలను పసిగట్టడానికి అమెరికా 1960లలో దేశదేశాల్లో 120 దాకా భూకంప కేంద్రాలు నెలకొల్పింది. బాంబుల కోసం పెట్టిన ఆ యంత్రాలే భూకంపాలు ఏ గీతల వెంట పుడతాయో స్పష్టంగా చూపించాయి.

భూమి పైపొర కదిలే పెద్ద పలకలుగా ఉందనే పలకల సిద్ధాంతంలో కీలకమైన ముక్క మాత్రం ఓ పరిశోధక విద్యార్థిది. హిందూ మహాసముద్రం అడుగునున్న కార్ల్స్‌బర్గ్ శిఖరశ్రేణి మీద గైడ్ డ్రమ్మండ్ మాథ్యూస్ కొలిచి తెచ్చిన అయస్కాంత లెక్కలు కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడ్ వైన్ చేతికొచ్చాయి. శిఖరశ్రేణి దగ్గర పైకొచ్చే కరిగిన రాయి గట్టిపడేటప్పుడు ఆనాటి అయస్కాంత దిశను తనలో నిలుపుకుంటుంది. భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారైనప్పుడల్లా సముద్రపు అడుగున కొత్త చార పడుతుంది. అంటే ఆ నేల శిఖరశ్రేణికి రెండువైపులా జరుగుతోందన్నమాట. 1963లో ఇద్దరి పేరుతో వ్యాసం వచ్చింది. అదే ఆలోచన రాసి పంపిన కెనడా శాస్త్రవేత్త లారెన్స్ మోర్లీని రెండు పత్రికలు తిప్పికొట్టాయి. (పీర్ రివ్యూ, అంటే వ్యాసాన్ని తోటి నిపుణులు పరిశీలించడం అంటే విద్యార్థులకు టెన్షన్ ఊరికే రాదు.)

1986లో చమురు ధర కుప్పకూలింది. అమెరికాలో జియాలజీలో చేరేవాళ్లు బాగా తగ్గారు. ఆ దశాబ్దంలోనే ఉపగ్రహాలు, వాతావరణ మార్పుల చుట్టూ కొత్త సీట్లు పుట్టసాగాయి. విభాగాలు కూడా జియాలజీ బోర్డు తీసి ఎర్త్ సైన్సెస్ అని పెట్టుకున్నాయి.

ఇప్పుడు లిథియం, కార్బన్‌ను భూగర్భంలో దాచడం లాంటి వాటికి నిధులు వస్తున్నాయి. మరోపక్క 1985 నుంచి సముద్రాల అడుగు తొలిచిన జాయిడెస్ రిజల్యూషన్ ఓడ 2024లో పని ఆపేసింది. ఎందరో విద్యార్థులు అందులో పనిచేశారు, ఆ లోటు చిన్నది కాదు. అయితే సముద్రాల నుంచి తవ్వి తెచ్చిన బురద, రాతి కడ్డీలు బ్రెమెన్, టెక్సాస్, జపాన్‌లోని కోచిలలో భద్రంగా ఉన్నాయి. పరిశోధన ప్రతిపాదనతో అర్జీ పెట్టుకుంటే విద్యార్థులకూ వాటి నమూనాలు ఇస్తారు.