అడవిలో బతికి బయటపడే జంతువుల సినిమాలు: ఒక పాత వివాదం నేపథ్యం

డిస్నీ సంస్థ 1958లో విడుదల చేసిన ‘వైట్ వైల్డర్‌నెస్’ చిత్రంలో ఒక ప్రసిద్ధ దృశ్యం ఉంది. ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఉండే లెమ్మింగులు, అంటే ఎలుకలను పోలిన చిన్న ప్రాణులు, గుంపులు గుంపులుగా పరుగెత్తుకొచ్చి ఎత్తైన ఒడ్డు మీంచి నీళ్లలోకి దూకి ప్రాణాలు వదులుతాయి. ఆ చిత్రానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ బహుమతి వచ్చింది. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లి, ప్రకృతి పాఠం అనుకొని దాన్ని చూశారు. సుమారు పాతికేళ్ల తరువాత, 1980ల తొలినాళ్లలో, కెనడా ప్రసార సంస్థ సీబీసీ ఆరా తీసి అసలు సంగతి బయటపెట్టింది. ఆ దృశ్యం తీసిన ఆల్బెర్టా ప్రాంతంలో ఆ ప్రాణులు సహజంగా ఉండనే ఉండవు. మానిటోబాలో ఇన్యూట్ ఆదివాసీ పిల్లల దగ్గర కొని వాటిని తెప్పించారు. మంచు కప్పిన తిరుగుడు బల్ల మీద పరుగెత్తించి, ఉన్న కొద్ది ప్రాణులనే మహా ప్రవాహంలా చూపించి, చివరికి నదిలోకి తోసేశారు. మంచు వాలు మీంచి ఎలుగుబంటి పిల్ల దొర్లిపడే దృశ్యం కూడా కాల్గరీలోని స్టూడియోలో తీసిందేనని తేలింది.

నిజానికి లెమ్మింగులు ఆత్మహత్య చేసుకోవు. మూడు నాలుగేళ్లకోసారి వాటి సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. అప్పుడు అవి కొత్త చోట్లు వెతుక్కుంటూ సాగిపోతాయి, దారిలో ఏరులు ఈదబోయి కొన్ని మునిగిపోతాయి. సామూహిక ఆత్మహత్య అనే అపోహ సినిమా కంటే పాతదే అయినా, దానికి కళ్లకు కట్టే సాక్ష్యాన్ని సమకూర్చిపెట్టింది మాత్రం ఆ సినిమాయే. కుటుంబమంతా కలిసి చూసే ఈ తరహా చిత్రాల మీద నేటికీ వినిపించే రెండు అభ్యంతరాలూ ఇందులోనే ఉన్నాయి: మూగప్రాణి పట్ల జరిగిన క్రూరత్వం ఒకటి, చూసే పిల్లవాడికి చెప్పిన అబద్ధం మరొకటి. గడిచిన ఎనభై ఏళ్లలో మొదటిదానికి కొంత జవాబు దొరికింది. రెండోదాన్ని ఎవరూ అంత పట్టించుకోలేదన్నది నా అభిప్రాయం.

విచిత్రమేమంటే, చరిత్రలో ముందుగా వచ్చింది ఆ రెండో అభ్యంతరమే. ఎర్నెస్ట్ థాంప్సన్ సేటన్ 1898లో ప్రచురించిన కథల్లో లోబో అనే తోడేలు మనుషుల ఎత్తులను చిత్తు చేస్తూ, ప్రేమ కోసం ప్రాణం పోగొట్టుకుంటుంది. ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. 1903లో ప్రకృతి రచయిత జాన్ బరోస్ ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో సేటన్‌నూ ఆయన బాటలో నడిచినవారినీ తీవ్రంగా ఖండిస్తూ, మనుషుల బుద్ధులను జంతువులకు అంటగట్టి వాటినే వాస్తవాలుగా చలామణి చేస్తున్నారని ఆరోపించారు. 1907లో సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ వాదంలోకి దిగి, నవలా రచయిత జాక్ లండన్‌ను కూడా తప్పుపట్టారు. ఆ రచయితలను కేవలం అబద్ధాలకోరులుగా కొట్టిపారేయడం న్యాయం కాదు. తోడేలు అంటే చంపవలసిన పురుగు అన్న భావన పాతుకుపోయిన దేశంలో, దానికీ ఒక బతుకు ఉందని పాఠకులకు మొదట అనిపించింది వారి కథలు చదివాకే. కానీ సినిమా వారి దగ్గర నుంచి ఆ దయతో పాటు ఆ కల్పననూ అరువు తెచ్చుకుంది.

క్రూరత్వం మీద కదలిక వచ్చింది మాత్రం వేరే రకం సినిమా వల్ల. 1939 నాటి ‘జెస్సీ జేమ్స్’ చిత్రీకరణలో ఒక గుర్రాన్ని ఎత్తైన కొండ అంచు నుంచి నీళ్లలో పడేలా చేయగా అది చనిపోయింది. ఆ దుమారం ఫలితంగా 1940 నుంచి అమెరికన్ హ్యూమేన్ అసోసియేషన్ అనే జంతు సంక్షేమ సంస్థ ప్రతినిధులు హాలీవుడ్ చిత్రీకరణలను పర్యవేక్షించసాగారు. 1960ల మధ్యలో, హాలీవుడ్ తనకు తానే పెట్టుకున్న సినిమా నియమావళి పట్టు సడలడంతో ఆ అధికారం పోయింది. 1980 నాటి ‘హెవెన్స్ గేట్’ మీద వచ్చిన ఆరోపణల తరువాతే నటీనటుల సంఘం ఒప్పందం ద్వారా తిరిగి దక్కింది.

ఈ రెండు ఘటనల మధ్యకాలంలోనే అడవి జంతువుల కుటుంబ చిత్రం ఒక స్థిరమైన రూపం సంతరించుకుంది. డిస్నీ 1948లో ‘సీల్ ఐలాండ్’తో ప్రారంభించిన ప్రకృతి చిత్రాల వరుస 1960 దాకా సాగింది. ‘ది లివింగ్ డెజర్ట్’ను పంపిణీ చేయడానికి ఆర్‌కేఓ సంస్థ ఉత్సాహం చూపకపోవడంతో 1953లో డిస్నీ బ్యూనా విస్టా పేరుతో సొంత పంపిణీ సంస్థనే స్థాపించుకుంది. 1957లో ఒక ఉడుత కథగా వచ్చిన ‘పెర్రీ’ డాక్యుమెంటరీకీ కల్పిత కథకూ మధ్య ఉన్న గీతను చెరిపేసింది. కెనడా అరణ్యం గుండా రెండు కుక్కలూ ఒక సియామీ పిల్లీ ఇల్లు చేరే 1963 నాటి ‘ది ఇన్‌క్రెడిబుల్ జర్నీ’ ఆ నమూనాను పూర్తిచేసింది. అందులోని పనితనమంతా కూర్పులో ఉంది. ఒకే పాత్రకు పోలికలున్న అనేక జంతువులను వాడతారు. తెర బయట మేత చూపించి చూపు తిప్పిస్తారు. ఎలుగుబంటి ముఖాన్నీ పిల్లి ముఖాన్నీ విడివిడిగా తీసి పక్కపక్కన అతికిస్తారు. మిగిలినదంతా వ్యాఖ్యాత గొంతు చూసుకుంటుంది. భయమో ధైర్యమో ఆ ముఖంలో ఉండదు, రెండు ముక్కలను కలిపి చూసే మన మనసులో పుడుతుంది.

1986లో జపాన్‌లో మసనోరి హాటా తీసిన పిల్లికూన, కుక్కపిల్ల కథ అక్కడ ఘనవిజయం సాధించి, 1989లో ‘మైలో అండ్ ఓటిస్’ పేరుతో ఆంగ్ల ప్రేక్షకులను చేరింది. కొండ మీంచి సముద్రంలోకి పడే పిల్లిని, ఎలుగుబంటితో తలపడే కుక్కను చూసినవారు చిత్రీకరణలో జంతువులు చనిపోయాయని ఆరోపించారు. ఆ ఆరోపణలు రుజువు కాలేదు. 1988లో వచ్చిన జాన్ జాక్ అన్నో చిత్రం ‘ది బేర్’ మరో దారి తొక్కింది. శిక్షణ పొందిన బార్ట్ అనే ఎలుగుబంటికి తోడు యంత్రపు బొమ్మలను వాడి, మాటలను దాదాపు తీసేసి, వ్యాఖ్యాతను పూర్తిగా వదిలేసింది. ఈ తరహా మొత్తంలో జంతువు మౌనాన్ని అంతగా గౌరవించిన సినిమా మరొకటి లేదని నమ్ముతాను.

తెర మీది కథకూ అసలు జీవితానికీ మధ్య దూరం ఎంతో కైకో అనే ఓర్కా తిమింగలం ఉదంతం చెబుతుంది. 1979లో ఐస్‌లాండ్ సముద్రంలో చిన్నతనంలోనే పట్టుబడిన కైకో, 1993లో విడుదలైన ‘ఫ్రీ విల్లీ’లో నటించేనాటికి మెక్సికో నగరంలోని వినోద పార్కులో, తన శరీరానికి చాలని కొలనులో, చర్మవ్యాధితో బతుకుతోంది. సినిమాలో విల్లీ ఒక్క గెంతుతో సముద్రంలో పడి స్వేచ్ఛ పొందుతుంది. అసలు ప్రాణి ఇంకా బందీగానే ఉందని తెలిసిన పిల్లలు ఉత్తరాలు రాశారు, విరాళాలు పోగయ్యాయి. 1996లో కైకోను అమెరికాలోని ఆరెగాన్‌కూ, 1998లో ఐస్‌లాండ్ సముద్రంలోని కంచె లోపలికీ విమానాల్లో తరలించారు. వేటాడటం, తన జాతితో మెలగడం నేర్పడానికి ఏళ్లు పట్టింది. 2002 వేసవిలో అది తనంతట తానే అట్లాంటిక్ ఈది నార్వే చేరింది, అక్కడ మళ్లీ మనుషుల పడవల వెంటే తిరిగింది. ఏ గుంపులోనూ స్థిరంగా కలవకుండానే 2003 డిసెంబరులో మరణించింది. ఆ ప్రయత్నం వృథా అని నేననను. చివరి ఏళ్లయినా అది సముద్రపు నీళ్లలో గడిపింది. కానీ బందీగా పెరిగిన ప్రాణిని అడవికి తిరిగి పంపడం ఎంత కష్టమో ‘ఫ్రీ విల్లీ’ చూపలేదు.

కంప్యూటర్ జంతువులు రావడంతో ఈ చరిత్ర మలుపు తిరిగింది. 2012 నాటి ‘లైఫ్ ఆఫ్ పై’లో పడవలోని పులి చాలా వరకు రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ సృష్టి, ఆ సంస్థకు అప్పట్లో హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది, ఇక్కడి కళాకారులూ ఆ పనిలో పాలుపంచుకున్నారు. అయితే కొన్ని దృశ్యాలకు అసలు పులినే వాడారు. నీటి తొట్టిలో అది దాదాపు మునిగిపోయిందని పర్యవేక్షకురాలు రాసిన ఈమెయిలును 2013లో ‘హాలీవుడ్ రిపోర్టర్’ పత్రిక బయటపెట్టింది. పులికి హాని జరగలేదని హ్యూమేన్ సంస్థ వాదించింది. ఆ కథనం వల్ల వెలుగులోకి వచ్చిన ముఖ్యమైన లోపం వేరు: పర్యవేక్షణ ప్రధానంగా చిత్రీకరణ జరిగే చోటికే పరిమితం. శిక్షణ కాలం, రవాణా, ఆ తరువాతి జీవితం దాని పరిధిలోకి దాదాపు రావు.

మన దేశంలో ఈ సమస్యను చట్టమే మొదట్లోనే ఆపింది. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలకు ప్రదర్శన కోసం శిక్షణ ఇవ్వడాన్ని కేంద్రం 1998లో నిషేధించగా, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మిగతా జంతువులను వాడాలంటే జంతు సంక్షేమ మండలి అనుమతి తప్పనిసరి. 1993లో ‘రాజేంద్రుడు గజేంద్రుడు’ తీసిన రోజులకూ నేటికీ తేడా అదే.

2016 నాటి ‘ది జంగిల్ బుక్’ను లాస్ ఏంజెలెస్ స్టూడియోలో ఒక బాలుడితో, నిజమైన జంతువేదీ లేకుండా తీశారు. 2020లో జాక్ లండన్ నవల మీద వచ్చిన చిత్రంలో కుక్క పాత్రను టెర్రీ నోటరీ అనే నటుడు పోషించగా, ఆ నటన ఆధారంగా కుక్క రూపాన్ని కంప్యూటర్‌లో తయారుచేశారు. ఏ ప్రాణీ బాధపడలేదు, అది పెద్ద మేలు. కానీ కనుబొమలు ఎగరేసి, జాలిగా నిట్టూర్చే ఆ ముఖం ఒక మనిషి ముఖమే. బరోస్ ఏ లోపాన్ని పట్టుకొని వాదించాడో, సాంకేతికత దాన్నే మరింత నమ్మదగినదిగా తయారుచేసింది. జంతువుకు హాని జరగలేదని ప్రకటించే వాక్యానికి చివరి పేర్ల పట్టికలో చోటుంది. తెర మీద చూపిన ప్రవర్తనలో ఏది నిజం, ఏది కల్పన అని పిల్లలకు చెప్పే రెండు వాక్యాలకు కూడా అక్కడ చోటివ్వాలి, ఎందుకంటే ఆ బొమ్మలు గీసేవారు అసలు జంతువుల కదలికలను ఎలాగూ అధ్యయనం చేసే ఉంటారు.